తిన్నగా పోని బండి

ఎడ్లబండి తిన్నగా పోతున్నదంటే ఆ ఘనత ఎడ్లది. బండివాడు కునుకు తీసినా అవి ఇంటిదారి మరవవు. మోటారుకారుకు ఎడ్లు లేవు గదా, మరి అది తిన్నగా పోవటానికి కారణం ఏమిటి? "స్టీరింగు పట్టుకున్న డ్రైవరు" అని మీరనవచ్చు. అది సగమే నిజం. చక్కగా ఉన్న కారు చదునైన రోడ్డు మీద, డ్రైవరు బలం చూపనక్కర లేకుండా తన దారిన తాను పోతుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తానే మధ్యకు వస్తుంది. చెడిన కారైతే దారి పొడుగునా డ్రైవరుతో పోట్లాడుతుంది. ఈ తేడా అంతా ముందు చక్రాల అమరికలో ఉన్నది. వర్క్‌షాపుల్లో దీన్నే "అలైన్‌మెంటు" అంటారు.

విజయనగరం జిల్లాలోని గజపతినగరం పిల్లలకు మోటారుబండ్లు కొత్త కాదు. విజయనగరం నుంచి సాలూరు మీదుగా ఒడిశాలోని కొరాపుట్‌కు పోయే పెద్దరోడ్డు ఆ ఊరి గుండానే పోతుంది. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. సాలూరు దాటగానే సుంకి, పొట్టంగి వైపు ఘాటురోడ్డు మొదలవుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అలాంటి చోట ముందు చక్రం చెప్పిన మాట వినకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

నాలుగు చక్రాల బండిని మలుపు తిప్పటం పూర్వం పెద్ద సమస్యగానే ఉండేది. మీరు రథోత్సవం చూసే ఉంటారు. రథచక్రాలు ముందుకూ వెనక్కూ దొర్లుతాయేగాని అటూ ఇటూ తిరగవు. అందుచేత వీధి మూల రాగానే చక్రాల కింద కొయ్యదుంగలు పెట్టి, రథాన్ని కొంచెం కొంచెంగా పక్కకు మళ్ళిస్తారు. గుర్రపు బగ్గీలకు ముందు ఇరుసు మొత్తం ఒక మేకు మీద తిరిగేది. అయితే ఇరుసు బాగా తిరిగినప్పుడు బగ్గీకి కాలూనే చోటు తగ్గి, అది బోర్లాపడే ప్రమాదం ఉండేది.

జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్‌కు ఎరాస్మస్ డార్విన్ అనే తాత ఉండేవాడు. ఆయన వైద్యుడు, రోగుల ఇళ్ళకు బగ్గీలో తిరిగేవాడు. ఇరుసు కదలకుండా ఉండి, దాని రెండు కొసల వద్దా చక్రాలు మాత్రం వేరువేరుగా తిరిగితే బాగుంటుందని 1759 ప్రాంతంలోనే ఆయనకు తోచింది. 1817లో జర్మనీలోని మ్యూనిక్‌లో బగ్గీలు తయారుచేసే లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన ఇలాంటి ఏర్పాటే కనిపెట్టాడు. ఆయన తరఫున 1818లో లండనులో పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. పని ఒకరిది, పేరు మరొకరిది అయింది. ఇప్పటికీ ఆ ఏర్పాటును "ఆకర్‌మన్ అమరిక" అనే అంటున్నారు.

ఇందులో ఒక కిటుకు ఉన్నది. నలుగురు పిల్లలు వరసగా చేతులు పట్టుకుని ఒక చెట్టు చుట్టూ తిరిగారనుకోండి. చెట్టు పక్కనున్నవాడు నాలుగడుగులు వేసేసరికి చివరివాడు పరుగెత్తవలసి వస్తుంది. కారు మలుపు తిరిగేటప్పుడు కూడా అంతే. లోపలి చక్రం చిన్న వలయం చుట్టాలి, బయటి చక్రం పెద్ద వలయం చుట్టాలి. కనక లోపలి చక్రం ఎక్కువగానూ, బయటి చక్రం తక్కువగానూ తిరగాలి. రెండూ సమానంగా తిరిగితే, ఏదో ఒక టైరు రోడ్డు మీద పక్కకు ఈడ్చుకుపోక తప్పదు.

ఇక అసలు బండి సంగతికి వద్దాం. 1959లో ఇంగ్లండులో "ట్రయంఫ్ హెరాల్డు" అనే చిన్న కారు బయలుదేరింది. దాని రూపాన్ని గీసినవాడు మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. అదే కారు 1961 నుంచి మద్రాసు శివార్లలో "స్టాండర్డు హెరాల్డు" అనే పేరుతో తయారై మన రోడ్ల మీద తిరిగింది. మీ తాతయ్యలను అడిగి చూడండి, కొందరైనా ఆ కారు ఎక్కి ఉంటారు. దాని ముందు చక్రాలు ఎంతగా తిరిగేవంటే, సుమారు 25 అడుగుల వెడల్పున్న జాగాలో ఆ కారు గుండ్రంగా తిరిగి వచ్చేది.

1962లో ఆ కంపెనీవారే ఇంగ్లండులో ఇద్దరు కూర్చునే ఒక స్పోర్ట్సు కారు తెచ్చారు. యుద్ధవిమానం పేరు పెట్టి దాన్ని "స్పిట్‌ఫైరు" అన్నారు. చూడటానికి హెరాల్డుకూ దానికీ పోలికే లేదు. కాని ముందు చక్రాలను పట్టి ఉంచే యంత్రాంగం మాత్రం చాలావరకు హెరాల్డుదే. అంటే మద్రాసులో తయారైన నెమ్మది బండీ, ఇంగ్లండు స్పోర్ట్సు కారూ ఒక తల్లి పిల్లలన్నమాట. 1980లో స్పిట్‌ఫైరు తయారీ ఆగిపోయింది. అయినా సరదా గలవారు పాత బండ్లను ఊడదీసి, తుప్పు గీకి, కొత్త రంగు వేసి ఇంకా నడుపుతున్నారు.

ఈ కార్లలో ఒక్కొక్క ముందు చక్రం వెనకా నిలువుగా ఒక ఉక్కు కమ్మి ఉంటుంది. దాని పైకొసను ఒక చెయ్యీ, కింది కొసను మరొక చెయ్యీ పట్టుకుని ఉంటాయి. రోడ్డు మీది గుంటలకు చక్రం పైకీ కిందికీ కదలటానికి ఈ చేతులు వీలిస్తాయి. వీటి అమరికలో మూడు కొలతలు ముఖ్యం.

మొదటిది క్యాస్టరు. చక్రాన్ని పక్కనుంచి చూస్తే, చక్రం ఏ గీత చుట్టూ తిరుగుతుందో ఆ గీత పైకొస కాస్త వెనక్కు వాలి ఉంటుంది. ఆస్పత్రిలో మంచాలకుండే చిన్న చక్రాలను చూడండి. మంచాన్ని ఎటు తోస్తే చక్రం అటే తిరిగి, తన మేకు వెనక నడుస్తుంది. కారు ముందు చక్రం కూడా అలాగే తన గీత వెనక నడవాలని చూస్తుంది. మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రావటానికి ఇది ముఖ్య కారణం.

రెండవది క్యాంబరు. కారు ఎదుట నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉన్నదా, పైభాగం బయటికో లోపలికో వాలి ఉన్నదా తెలుస్తుంది. ఒక రూపాయి బిళ్ళను నేల మీద దొర్లించండి. అది ఎటు వాలితే అటే తిరుగుతుంది. కారు చక్రం కూడా ఎటు వాలి ఉంటే అటే లాగుతుంది. కుడి ఎడమల వాలు సమానంగా ఉంటే ఒకదాని లాగుడు మరొకదానికి చెల్లు.

మూడవది టో. ఇంగ్లీషులో ఈ మాటకు కాలివేలు అని అర్థం. నిలబడినప్పుడు కొందరి కాలివేళ్ళు లోపలికి చూస్తాయి, కొందరివి బయటికి చూస్తాయి. చక్రాల ముందు అంచులు లోపలికి చూస్తే "టో-ఇన్", బయటికి చూస్తే "టో-అవుట్". వెనక చక్రాలతో నడిచే పాతకార్లలో చాలావాటికి కొద్దిగా, అంటే ఒక అంగుళంలో పదహారవ వంతు నుంచి ఎనిమిదవ వంతు దాకా, టో-ఇన్ పెడతారు. ఎందుకంటే, బండి పరుగెత్తేటప్పుడు రోడ్డు చక్రాలను వెనక్కు నెడుతుంది. ఆ నెట్టుడుకు కీళ్ళలోని సందులు సర్దుకుని చక్రాలు కాస్త విచ్చుకుంటాయి. నిలబడ్డప్పుడు కాస్త లోపలికి చూసే చక్రాలు, పరుగులో తిన్నగా అవుతాయి.

ఇప్పుడు ఒక పరీక్ష పెడదాం. కొత్త రంగు వేసి బాగుచేసిన పాత స్పిట్‌ఫైరు ఒకటి విజయనగరం నుంచి వచ్చి గజపతినగరంలో ఒక మెకానిక్ ఎదుట ఆగిందనుకోండి. అద్దంలా మెరిసిపోతున్నది. కాని ఎడమకు లాగుతున్నది. వేగం పెంచితే స్టీరింగు వణుకుతున్నది. కొత్త టైర్లు వేసి నెల కాలేదు, అప్పుడే ఎడమ ముందు టైరు బయటి అంచు అరిగిపోయింది.

తొందరపడేవాడైతే వెంటనే రెంచి తీసి టో మార్చేస్తాడు. తెలిసినవాడు ఆ పని చివరికి ఉంచుతాడు. "ముందు గాలి చూడరా అబ్బీ. గాలి చూడకుండా రెంచి ముట్టుకోకు" అంటాడు పక్కనున్న కుర్రవాడితో. ఎడమ టైరులో గాలి తక్కువగా ఉంటే చాలు, బండి ఎడమకు లాగుతుంది. సరే, గాలి రెండింటిలోనూ సమానంగానే ఉన్నదట.

తరువాత రోడ్డు. వాననీరు జారిపోవటానికి రోడ్డు మధ్య ఎత్తుగానూ, అంచులు వాలుగానూ ఉంటాయి. మనం ఎడమ పక్కన పోతాం గనక ఏ బండి అయినా కాస్త ఎడమకు జారాలని చూస్తుంది. ఈ తప్పు రోడ్డుది గాని బండిది కాదు. అందుకని చదునైన మైదానంలో ఒకసారి అటూ, ఒకసారి ఇటూ నడిపి చూడాలి. మన స్పిట్‌ఫైరు ఎటు నడిపినా ఎడమకే లాగింది.

ఆ తరువాత ముందు చక్రాలను కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ మార్చి వేస్తారు. లాగుడు కూడా పక్క మారితే దోషం టైరులో ఉన్నట్టు. మారకపోతే బండిలో ఉన్నట్టు. ఇక్కడ మారలేదు. చూశారా, ఇంతవరకూ చక్రాల మరలు తప్ప మరేదీ విప్పకుండా మూడు అనుమానాలు తీరిపోయాయి.

ఇప్పుడు బండి ముందు భాగాన్ని జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలపాలి. పిల్లలూ, ఒక్క జాకీ మీద నిలిచిన బండి కిందికి ఎవరూ తల పెట్టకూడదు. మీరు మరీ పెట్టకూడదు. జాకీ జారితే బండి హెచ్చరించి పడదు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కటకటమన్నది. ఆ చప్పుడు బేరింగుదా, కీలుదా? కుర్రవాణ్ణి బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపుతారు. బ్రేకు తొక్కగానే చక్రమూ, దాన్ని మోసే నిలువు కమ్మీ ఒకటై బిగుసుకుంటాయి. అప్పుడు ఊగటం ఆగిపోతే లోపం బేరింగులో ఉన్నట్టు. ఇంకా ఊగితే కీలులో ఉన్నట్టు. ఇక్కడ ఇంకా ఊగింది!

ఈ కీలే హెరాల్డు, స్పిట్‌ఫైరుల ఆయువుపట్టు. నిలువు కమ్మి కింది కొసకు మర ఉంటుంది. ఆ మర "ట్రనియన్" అనే కంచులోహపు దిమ్మలో బిగించి ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ కమ్మి దిమ్మలో తిరుగుతుంది. ఒక పక్కదానికి కుడి మర, రెండో పక్కదానికి ఎడమ మర ఉంటుంది గనక వాటిని తారుమారుగా వేయటానికి వీల్లేదు. ఆ మరలోకి పోయవలసింది గేరుపెట్టెలో వాడే చిక్కటి నూనె. చాలామంది దీనికి గ్రీజు కొడతారు. గ్రీజు సందుల్లోకి సరిగా దిగదు. లోపల నీరు చేరుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది, మర తినిపోతుంది. చివరికి ఒకనాడు కమ్మి పుటుక్కున విరుగుతుంది. చక్రం బండి కిందికి మడుచుకుపోతుంది. అది గజపతినగరం సెంటర్లో జరిగితే నలుగురూ పోగవుతారు. సాలూరు ఘాటులో జరిగితే?

రంగు వేసినవాడు కంటికి కనిపించేదంతా బాగుచేశాడు. నూనె పోయవలసిన చోటు కంటికి కనిపించదు. ఈ కీలును మార్చి, నూనె పోసేదాకా ఈ బండిని రోడ్డు ఎక్కనివ్వకూడదు. వణుకు కూడా చాలావరకు ఈ వదులు వల్లనే వచ్చింది. మిగిలిన వణుకు చక్రాలను తూకం వేయించగానే పోయింది.

కీలు మార్చాక క్యాంబరు చూడాలి. తాపీమేస్త్రీ గోడకు వేలాడదీసే గుండు ఉన్నది గదా, దాన్ని చక్రం పక్కన వేలాడదీస్తారు. చక్రపు ఇనుప అంచు, పైన దారానికి ఎంత దూరంలో ఉన్నది, కింద ఎంత దూరంలో ఉన్నది కొలుస్తారు. 33 సెంటీమీటర్ల ఎత్తులో ఒక డిగ్రీ వాలుకు సుమారు 6 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కుడి చక్రం వాలు కంపెనీ పుస్తకంలో చెప్పినట్టే ఉన్నది. ఎడమ చక్రం పైభాగం మాత్రం ఎక్కువగా బయటికి వాలి ఉన్నది. బయటి అంచు అరగటానికీ, ఎడమకు లాగటానికీ కారణం దొరికింది!

అది అలా ఎందుకు వాలింది? కింది చెయ్యి చట్రానికి బిగించే చోట పల్చని రేకు బిళ్ళలు ఉంటాయి. వీటిని షిమ్ములంటారు. ఎన్ని బిళ్ళలు వేస్తే కింది చెయ్యి అంతగా బయటికి జరుగుతుంది. బండిని ఊడదీసినప్పుడు ఎడమ పక్క షిమ్ములు ఎక్కడో పడిపోయాయి. అవి లేకుండానే బిగించారు. చక్రం కిందిభాగం లోపలికి పోయింది, పైభాగం బయటికి వాలింది. విప్పేటప్పుడు ఒక కాగితం మీద "ఎడమ ముందు ఇన్ని, ఎడమ వెనక ఇన్ని" అని రాసుకుంటే ఈ తిప్పలే ఉండవు.

ఇంకొక చిక్కు ఉన్నది. చేతుల మొదళ్ళలో రబ్బరు బుష్షులుంటాయి. బండి స్టాండ్ల మీద ఉండి, చక్రాలు వేలాడుతున్నప్పుడు వీటి బోల్టులు బిగించకూడదు. అలా బిగిస్తే, బండిని కిందికి దించగానే రబ్బరు మెలికపడి, బండి ముక్కును పైకి ఎత్తి పట్టుకుంటుంది. కొలతలన్నీ తప్పుతాయి, రబ్బరూ త్వరగా చిరుగుతుంది. అందుచేత బండి బరువు చక్రాల మీద పడ్డాక, కొంచెం ముందుకూ వెనక్కూ దొర్లించి, అప్పుడు బిగించాలి.

అన్నీ అయ్యాక చివరికి టో. దాన్ని చివరకు ఎందుకు ఉంచాలంటే, పైవాటిలో ఏది కదిలినా టో కూడా కదులుతుంది. ముందే చేస్తే చేసినదంతా వృథా. దాన్ని కొలవటానికి ఒక టేపూ సుద్దముక్కా చాలు. రెండు ముందు టైర్ల మీద, వెనకవైపున, ఇరుసు ఎత్తులో ఒక్కొక్క గుర్తు పెట్టాలి. ఆ గుర్తుల మధ్య దూరం కొలవాలి. తరువాత ఆ గుర్తులు ముందువైపుకు, అదే ఎత్తుకు వచ్చేదాకా బండిని దొర్లించి మళ్ళీ కొలవాలి. రెండు కొలతల తేడాయే టో. బండిని కదపకుండా ముందొకసారి వెనకొకసారి కొలవచ్చు గదా అంటారేమో! చక్రపు అంచు కాస్త వంకర పోయి ఉంటే ఆ వంకర కూడా లెక్కలో చేరి మోసం చేస్తుంది. ఒకే గుర్తును రెండు చోట్లా కొలిస్తే ఆ వంకర పీడ వదులుతుంది.

మన బండిలో తేడా 12 మిల్లీమీటర్లు అధికంగా ఉన్నదనుకుందాం. అది ఏపాటి అనిపిస్తుంది గదా? లెక్క వేసి చూడండి. ఒక్కొక్క చక్రం వంతు 6 మిల్లీమీటర్లు. టైరు అడ్డుకొలత సుమారు 570 మిల్లీమీటర్లు. అంటే ప్రతి కిలోమీటరుకూ ఒక్కొక్క టైరు పది మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోతుంది. విజయనగరం నుంచి గజపతినగరం సుమారు 25 కిలోమీటర్లు. ఇంటికి చేరేసరికి ఒక్కొక్క టైరు పావు కిలోమీటరు దూరం రోడ్డు మీద గీకించుకున్నదన్నమాట! పెన్సిలు రబ్బరును కాగితం మీద అంత దూరం రుద్దితే ఏం మిగులుతుంది?

దీన్ని సవరించటానికి స్టీరింగును చక్రాలకు కలిపే రెండు కమ్మీలనూ సమానంగా తిప్పాలి. ఒకదాన్నే తిప్పితే టో సరిపోతుందిగాని, బండి తిన్నగా పోతుంటే స్టీరింగు వంకరగా నిలబడుతుంది.

ఈనాడు పెద్ద టైరు షాపుల్లో ఈ కొలతలన్నీ కెమేరాలతో, కంప్యూటరుతో నిమిషాల మీద తీస్తున్నారు. వాటి కొలత చాలా నిక్కచ్చిగా ఉంటుంది. కాని ఆ యంత్రం కోణాలనే చూస్తుంది. కీలులో నూనె ఉన్నదో లేదో అది చెప్పలేదు. అది మనిషి చేత్తో ఊపి, చెవితో విని తెలుసుకోవలసిందే.

మీ ఇంట్లో కారు ఉంటే, బండి ఆగి ఉన్నప్పుడు పెద్దలను పక్కన పెట్టుకుని ముందు టైర్లను పరీక్షించండి. ఒక్క అంచే అరిగితే క్యాంబరును అనుమానించాలి. రెండంచులూ అరిగితే గాలి తక్కువైనట్టు. నడిమి భాగమే అరిగితే గాలి ఎక్కువైనట్టు. అరచేత్తో అడ్డంగా నిమిరితే ఒకవైపు నున్నగానూ, రెండోవైపు రంపపు పళ్ళలాగానూ తగిలితే టో తప్పినట్టు.

కారు లేనివారు సైకిలుతో ఒక తమాషా చేయవచ్చు. హాండిలు ముట్టుకోకుండా, సైకిలును సీటు దగ్గర పట్టుకుని నడిపించండి. సీటును కొంచెం ఎడమకు వంచితే ముందు చక్రం ఎటు తిరుగుతుంది? తిరిగి నిటారుగా పెడితే ఏం చేస్తుంది? ఇప్పుడు సైకిలును వెనక్కు నడిపించి చూడండి. ముందుకు పోయేటప్పుడు అంత బుద్ధిగా ఉన్న చక్రం వెనక్కు పోయేటప్పుడు ఎందుకు అడ్డం తిరుగుతుందో, ఆస్పత్రి మంచం చక్రాన్ని తలుచుకుని మీరే చెప్పండి.